ఇంధన ఆవిరి నియంత్రణ వ్యవస్థ లోపాలు

ఇంధన ఆవిరి నియంత్రణ వ్యవస్థ అనగా పెట్రోలు వాహనాల ట్యాంకులో పుట్టే ఆవిరిని గాలిలో కలవనీయకుండా పట్టి ఉంచి, తిరిగి ఇంజనులోనికి పంపి మండించే ఏర్పాటు. మెకానిక్కుల వాడుకలో దీనిని ఈవాప్ సిస్టమ్ అంటారు. దీనిలో లోపం ఏర్పడినపుడు వాహనం సాధారణంగా ఆగిపోదు. అందువలన చాలామంది పట్టించుకోరు. కాని బయటకు వచ్చే పెట్రోలు ఆవిరి అగ్నిప్రమాదానికి, ఆరోగ్యహానికి, వాయుకాలుష్యానికి కారణమవుతుంది. ఈ లోపాలను గుర్తించి సరిచేసే విధానం ఈ వ్యాసంలో వివరించబడినది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పరిస్థితులు ఉదాహరణగా తీసుకొనబడినవి.

నేపథ్యం

పెట్రోలు సాధారణ ఉష్ణోగ్రతలోనే ఆవిరి అవుతుంది. పగటి ఎండకు ట్యాంకు వేడెక్కి లోపలి ఆవిరి వ్యాకోచిస్తుంది. రాత్రి చల్లబడి సంకోచిస్తుంది. ఈ విధంగా నిలిపి ఉంచిన వాహనం కూడా ప్రతిరోజూ కొంత పెట్రోలును గాలిలోనికి వదులుతుంది. ఈ ఆవిరిలోని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడులు సూర్యరశ్మిలో కలిసి నేలమట్టపు ఓజోన్‌ను ఏర్పరుస్తాయి. ఇది ఊపిరితిత్తులకే గాక పంటలకు కూడా హాని చేస్తుంది. పెట్రోలు ఆవిరిలో ఉండే బెంజీన్ క్యాన్సరు కారకము.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1970 మోడలు కార్ల నుండి ఈ వ్యవస్థను తప్పనిసరి చేసినది. 1971 మోడళ్ళ నుండి అది ఆ దేశమంతటా అమలయినది. భారతదేశంలో కార్లకు ఆవిరి పరిమితి ఒక్కొక్క పరీక్షకు 2 గ్రాములుగా ఉన్నది. భారత్ స్టేజ్ 4 ప్రమాణాలు 2017 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలు కావడంతో ద్విచక్ర వాహనాలకు కూడా ఈ వ్యవస్థ వచ్చినది. 2020 ఏప్రిల్ 1 నుండి అమలయిన భారత్ స్టేజ్ 6 ప్రమాణాలలో ద్విచక్ర వాహనాల పరిమితి 1.5 గ్రాములకు తగ్గినది. డీజిలు చాలా తక్కువగా ఆవిరి అవుతుంది కనుక డీజిలు వాహనాలకు ఈ వ్యవస్థ అవసరం లేదు.

ముఖ్య భాగాలు

* ట్యాంకు మూత: రబ్బరు వాషరుతో గాలి చొరకుండా బిగుసుకుంటుంది.
* క్యానిస్టర్: ఉత్తేజిత బొగ్గు నింపిన డబ్బా. ఒక గ్రాము బొగ్గులోని సూక్ష్మరంధ్రాల ఉపరితలం దాదాపు వేయి చదరపు మీటర్లు ఉండవచ్చు. పెట్రోలు ఆవిరి ఈ ఉపరితలానికి అంటుకొని నిలుస్తుంది.
* పర్జ్ వాల్వు: క్యానిస్టర్‌కు, ఇంజనుకు మధ్య ఉండే విద్యుత్ కవాటం. కరెంటు లేనపుడు మూసి ఉంటుంది.
* వెంట్ మార్గం: క్యానిస్టర్‌లోనికి బయటి గాలి వచ్చే దారి. కొన్ని కార్లలో దీనికి ఒక కవాటం ఉంటుంది. అది కరెంటు లేనపుడు తెరచి ఉంటుంది.
* గొట్టాలు, క్లిప్పులు. కొన్ని వాహనాలలో ట్యాంకు పీడనాన్ని కొలిచే సెన్సరు.

పనిచేసే విధానం

ఇంజను ఆగి ఉన్నపుడు ట్యాంకులోని ఆవిరి క్యానిస్టర్ చేరి బొగ్గుకు అంటుకుంటుంది. ఇంజను నడచి తగినంత వేడెక్కిన తరువాత కంప్యూటరు పర్జ్ వాల్వును కొద్దికొద్దిగా తెరుస్తుంది. ఇంజను పీల్పుకు వెంట్ మార్గం నుండి తాజా గాలి బొగ్గు గుండా ప్రవహించి, ఆవిరిని వెంట తీసుకొనిపోయి ఇంజనులో మండేటట్లు చేస్తుంది. బొగ్గు మరల ఖాళీ అవుతుంది.

ప్రాంతీయ పరిస్థితులు

మదనపల్లె, కుప్పం పట్టణాలు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నవి. ఈ ఎత్తులో వాతావరణ పీడనం సముద్రతీరం కంటె సుమారు 8 శాతం తక్కువ. తిరుపతి నుండి భాకరాపేట ఘాటు మీదుగా మదనపల్లెకు గాని, అక్కడనుండి హార్సిలీ హిల్స్‌కు గాని ఎక్కే కారులో బయటి పీడనం తగ్గి, ఇంజను వేడి కూడా తోడై ఎక్కువ ఆవిరి పుడుతుంది. ఘాటు ఎక్కిన వెంటనే మూత తీసినపుడు "బుస్" మనే శబ్దం కొద్దిగా రావడం సహజమే. అది లోపం కాదు.

కుప్పం, పుంగనూరు కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్నవి. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు ధర కర్ణాటక కంటె ఎక్కువగా ఉన్నపుడు సరిహద్దు దాటిన వాహనదారులు అక్కడి బంకులలో ట్యాంకును మూతి వరకు నింపించుకొనడానికి ఆశపడతారు. బంకులోని తుపాకి తనంతట తాను ఆగిన తరువాత కూడా పోయించినచో ద్రవ పెట్రోలు ఆవిరి గొట్టం ద్వారా క్యానిస్టర్‌లోనికి చేరవచ్చు. తడిసిన బొగ్గు ఆవిరిని పట్టుకొనే శక్తిని కోల్పోతుంది. ధరలో మిగిలిన కొద్ది రూపాయల కంటె కొత్త క్యానిస్టర్ ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ.

మట్టిరోడ్ల దుమ్ము వెంట్ మార్గాన్ని మూసివేయడం, ఎలుకలు గొట్టాలను కొరకడం, పురుగులు గొట్టం మూతిలో గూడు కట్టడం కూడా లోపాలకు కారణాలు. ఒక జాతి సాలెపురుగులు ఈ గొట్టాలలో గూళ్ళు అల్లిన కారణంగా 2011లో మాజ్దా సంస్థ ఉత్తర అమెరికాలో సుమారు 65,000 కార్లను తనిఖీ కొరకు వెనుకకు పిలిపించినది.

లోప లక్షణాలు

* వాహనం నిలిపిన చోట పెట్రోలు వాసన: మూత, గొట్టం లేదా క్యానిస్టర్ లోపం.
* పెట్రోలు పోయించిన వెంటనే ఇంజను స్టార్టు కాకపోవడం: పర్జ్ వాల్వు తెరచుకొని ఉండిపోవడం. ఆవిరి నేరుగా ఇంజనులోనికి పోయి మిశ్రమం చిక్కబడుతుంది.
* ఐడిలింగులో ఇంజను ఊగుట: ఇదే కారణం కావచ్చు. దీనిని గుర్తించక ప్లగ్గులు, ఇంజెక్టర్లు మార్చి డబ్బు వృథా చేయడం సాధారణంగా జరిగే పొరపాటు.
* బంకులో తుపాకి మాటిమాటికి ఆగిపోవడం: వెంట్ మార్గం మూసుకొనిపోవడం.
* చెక్ ఇంజను దీపం వెలగడం.

కంప్యూటరు సంకేతాలు

స్టీరింగు క్రింది సాకెట్టుకు స్కానరు తగిలించి సంకేతాలు చదువుతారు. పి0441 పర్జ్ ప్రవాహం సరిగా లేదని, పి0442 చిన్న లీకు, పి0455 పెద్ద లీకు, పి0456 అతి చిన్న లీకు ఉన్నదని తెలుపుతాయి. పి0443 నుండి పి0445 వరకు గలవి పర్జ్ వాల్వు విద్యుత్ వలయానికి సంబంధించినవి.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. అమెరికా ప్రమాణాల కార్లలో కంప్యూటరు లీకులను కూడా వెదకుతుంది. ఐరోపా ప్రమాణాలను అనుసరించే భారతదేశంలోని చాలా కార్లలో కంప్యూటరు పర్జ్ వాల్వు విద్యుత్ వలయాన్ని మాత్రమే తనిఖీ చేస్తుంది. కావున మన కార్లలో గొట్టం పగిలినా దీపం వెలగకపోవచ్చు. దీపం లేనంత మాత్రాన లోపం లేదని భావించరాదు.

లోపాన్ని గుర్తించే క్రమం

ఖర్చు లేని తనిఖీలతో మొదలుపెట్టవలెను.

1. మూత వాషరు పగిలినదేమో చూసి, శబ్దం వచ్చేవరకు బిగించవలెను.
2. ట్యాంకు నుండి ఇంజను వరకు గొట్టాలను తడిమి పగుళ్ళు, ఊడిన క్లిప్పులు వెదకవలెను.
3. ఇంజను ఐడిలింగులో ఉండగా పర్జ్ వాల్వు విద్యుత్ కనెక్టరు ఊడదీసి, క్యానిస్టర్ వైపు గొట్టాన్ని తొలగించి, వాల్వు మూతిపై వేలు ఉంచవలెను. పీల్పు తెలిసినచో వాల్వు సరిగా మూసుకొనుట లేదని అర్థం.
4. ఇంజను ఆపి వాల్వును బయటకు తీసి, 12 వోల్టుల కరెంటు ఇచ్చినపుడు "టిక్" శబ్దంతో తెరచుకోవలెను. మల్టీమీటరుతో కొలిచిన నిరోధం సాధారణంగా 20 నుండి 30 ఓములు ఉంటుంది. ఆయా వాహనపు మాన్యువలుతో సరిచూడవలెను.
5. క్యానిస్టర్ నుండి పెట్రోలు కారినా, గొట్టాలలో బొగ్గు రవ్వలు కనిపించినా దానిని మార్చవలెను.
6. లీకు దొరకనపుడు పొగ యంత్రంతో పరీక్షిస్తారు. పీడనం 35 సెంటీమీటర్ల నీటిమట్టానికి మించరాదు. టైర్లకు గాలి కొట్టే కంప్రెసరును వాడినచో క్యానిస్టర్, కవాటాలు పాడవుతాయి.

మరమ్మతు

పగిలిన గొట్టాలకు టేపు చుట్టడం తాత్కాలికం కూడా కాదు. పెట్రోలు ఆవిరి జిగురును కరిగిస్తుంది. పెట్రోలుకు తట్టుకొనే ప్రత్యేక గొట్టాన్నే వేయవలెను. సాధారణ నీటి గొట్టం పనికిరాదు. పాత రబ్బరు ఇథనాలు కలిపిన పెట్రోలుకు త్వరగా చెడిపోతుంది. పర్జ్ వాల్వును శుభ్రపరచుట కంటె మార్చుట మేలు. క్యానిస్టర్‌ను తొలగించి గొట్టాలను మూసివేయుట సరికాదు. ట్యాంకులో పీడనం పెరుగుతుంది, లేదా శూన్యం ఏర్పడి ఇంజనుకు పెట్రోలు అందదు. పని పూర్తయిన తరువాత సంకేతాన్ని తుడిచివేసి, కొన్ని రోజులు నడిపి మరల చూడవలెను.

జాగ్రత్తలు

పనిని గాలి ఆడే చోట, ఇంజను చల్లబడిన తరువాత చేయవలెను. ఇంజను నడిపి చేసే పరీక్షలో చేతులను ఫ్యానుకు, బెల్టులకు దూరంగా ఉంచవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది కనుక నేలబారున వ్యాపించి దూరంలోని నిప్పును కూడా అందుకొనగలదు. బీడీ, సిగరెట్టు, వెల్డింగు దగ్గరలో ఉండరాదు. లీకును అగ్గిపుల్లతో వెదకరాదు. గొట్టాలను నోటితో పీల్చరాదు.