అక్వేరియంలో సముద్ర ఎనిమోన్ల ప్రత్యుత్పత్తి

సముద్ర ఎనిమోన్లు నిడేరియా వర్గంలో ఆంథోజోవా తరగతికి చెందిన జంతువులు. చూడటానికి పువ్వులవలె ఉంటాయి. నోటి చుట్టూ ఉన్న స్పర్శకాలలోని దంశకణాలతో ఆహారాన్ని పట్టుకొంటాయి. విశాఖపట్నం తీరంలోని రాతి గుంటలలో ఆటు సమయంలో వీటిని చూడవచ్చును. ఇవి ఉప్పునీటిలోనే జీవిస్తాయి. కనుక సముద్రానికి దూరంగా, తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి వంటి చోట్ల వీటిని పెంచాలంటే శుద్ధిచేసిన నీటిలో కృత్రిమ సముద్ర లవణాన్ని కలిపి, లవణీయత లీటరుకు సుమారు 35 గ్రాములు ఉండేటట్లు చూడాలి. ఇంటి అక్వేరియంలో వీటి సంఖ్య పెరిగేది ముఖ్యంగా అలైంగిక ప్రత్యుత్పత్తి ద్వారానే.

అనుదైర్ఘ్య విచ్ఛిత్తి

క్లౌన్ చేపలు ఆశ్రయం పొందే ఎంటాక్మియా క్వాడ్రికలర్ అనే జాతి నిలువునా రెండుగా చీలుతుంది. పాదభాగం రెండు వైపులకు సాగి, శరీరం మధ్యలో తెగుతుంది. గాయం మానిన తరువాత రెండు భాగాలూ పూర్తి జీవులుగా ఎదుగుతాయి. సముద్రంలో ఈ జాతి లోతు తక్కువ ఉన్నచోట చిన్న జీవుల గుంపులుగాను, లోతైన చోట పెద్ద ఒంటరి జీవులుగాను కనిపిస్తుంది. ఆహారం సమృద్ధిగా ఉన్నప్పుడే కాక నీరు, వెలుతురు ఒక్కసారిగా మారినప్పుడు కూడా చీలిక జరగవచ్చును. కాబట్టి చీలికను ఆరోగ్యానికి గుర్తుగా భావించరాదు.

పాద ఖండాల నుండి పెరుగుదల

ఐప్టాసియా అనే చిన్న ఎనిమోన్ కదిలేటప్పుడు పాదం అంచు నుండి చిన్న ముక్కలను విడిచిపెడుతుంది. ఒక్కొక్క ముక్క కొత్త జీవిగా ఎదుగుతుంది. దీనిని కోసి లేదా నలిపి తొలగించబోతే మిగిలిన ముక్కల వలన సంఖ్య మరింత పెరుగుతుంది. బెర్ఘియా అనే గుల్లలేని సముద్రపు నత్త దీనిని తిని అదుపు చేస్తుంది.

పిల్లలను విడుదల చేయడం

యాక్టీనియా ఈక్వినా తన శరీర కుహరంలో పెరిగిన పిల్లలను నోటిద్వారా బయటకు విడుస్తుంది. 1828లో సర్ జాన్ గ్రాహం డాలియెల్ స్కాట్లండు తీరంలో సేకరించిన ఈ జాతి ఎనిమోన్ ఒకటి "గ్రానీ" (అవ్వ) అన్న పేరుతో ప్రసిద్ధి చెందింది. అది గాజుపాత్రలో 1887 వరకు జీవించి వందలాది పిల్లలను కన్నది. 1851లో డాలియెల్ మరణించిన తరువాత దానిని ఇతరులు పోషించారు.

లైంగిక ప్రత్యుత్పత్తి

ఎంటాక్మియాలో ఆడ, మగ జీవులు వేరువేరుగా ఉంటాయి. ఇవి అండాలను, శుక్రకణాలను నీటిలోకి వదులుతాయి. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో ఇది వేసవి చివర, పౌర్ణమి తరువాతి రాత్రులలో జరుగుతుంది. ఫలదీకరణ చెందిన అండం నుండి ప్లాన్యులా డింభకం ఏర్పడి, కొంతకాలం నీటిలో తేలి, తరువాత రాతికి అంటుకొంటుంది.

అక్వేరియంలో ఇందుకు రెండు అడ్డంకులున్నాయి. ఒకటి, అండాలను, డింభకాలను వడపోత యంత్రం లాగివేస్తుంది. రెండవది, ఒకే జీవి చీలికల నుండి వచ్చినవన్నీ జన్యుపరంగా ఒకటే, సాధారణంగా ఒకే లింగానికి చెందినవి. అందుచేత తొట్టి నిండా ఎనిమోన్లున్నా అవి ఒక జంట కాకపోవచ్చును.

పరిరక్షణ

చీలికల వలన పుట్టిన ఎనిమోన్లను పెంపకందార్లు ఇచ్చిపుచ్చుకొంటే సముద్రం నుండి సేకరణ తగ్గుతుంది. అయితే అక్వేరియంలో అరుదుగా చీలే స్టైకోడాక్టైలా హడోని వంటి పెద్ద జాతులను ఎక్కువగా సముద్రం నుండే తెస్తారు. ఒకేచోట ఎక్కువగా సేకరిస్తే వాటితో పాటు వాటిని ఆశ్రయించిన క్లౌన్ చేపలు కూడా తగ్గిపోతాయి.