భూమిలోని ఆప్టికల్ ఫైబర్ కేబుళ్ల ఆచూకీ: తవ్వకానికి ముందే తెలుసుకునే మార్గాలు

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: తాగునీటి గొట్టం లీకేజీని సరిచేసేందుకు వచ్చిన జె.సి.బి. యంత్రం ఊరి చివర రోడ్డు పక్కన నాలుగడుగుల మేర తవ్వుతుంది. అదే సమయంలో మండల కేంద్రంలోని బ్యాంకులో లావాదేవీలు నిలిచిపోతాయి. మీ-సేవ కేంద్రంలో ధ్రువపత్రాల కొరకు వచ్చినవారు వరుసలో నిలబడిపోతారు. చౌకధరల దుకాణంలోని యంత్రంపై కార్డుదారు వేలిముద్ర వేసినా సమాధానం రాదు. సెల్ టవర్లకు సంకేతాలను చేరవేసేది కూడా చాలాచోట్ల భూమిలోని ఆప్టికల్ ఫైబర్ కేబులే కనుక, 108 వాహనానికి ఫోన్ చేయదలచినవారికి సైతం ఇబ్బంది తప్పదు. యంత్రం నడిపిన వ్యక్తికి మాత్రం తాను దేనిని తెంచాడో తెలియదు. అక్కడ కేబుల్ ఉన్నదని చెప్పే గుర్తు ఏదీ అతని కంటికి కనిపించకపోవడమే ఇందుకు కారణం.

సమన్వయం లేని తవ్వకాల వలన భూగర్భ కేబుళ్లు, గొట్టాలు దెబ్బతిని దేశానికి ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల మేర నష్టం వాటిల్లుతున్నదని కేంద్ర ప్రభుత్వం 2023లో వెల్లడించింది. ఈ నష్టంలో అధిక భాగం నివారించదగినదే. భూమిలో ఉన్న కేబుల్‌ను తవ్వకుండానే గుర్తించేందుకు గల పద్ధతులు, వాటి ప్రయోజనాలు, పరిమితులు పాత్రికేయుల, క్షేత్రస్థాయి అధికారుల అవగాహన కొరకు ఈ దిగువ వివరించడమైనది.

గాజుకు లోహ లక్షణం లేదు

పూర్వపు టెలిఫోన్ కేబుళ్లలో రాగి తీగలు ఉండేవి. రాగి లోహం కనుక నేలపై నుండే పరికరాలతో దాని దారిని పసిగట్టడం సాధ్యమయ్యేది. ఆప్టికల్ ఫైబర్ సన్నని గాజు పోగు. గాజు భాగం వ్యాసం 125 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. ఇందులో విద్యుత్తుకు బదులు కాంతి ప్రయాణిస్తుంది. గాజు చుట్టూ ప్లాస్టిక్ తొడుగు, ఆ కేబుల్ చుట్టూ 40 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం ఉంటాయి. వీటిలో ఎక్కడా లోహం లేనట్లయితే లోహాన్ని గుర్తించే పరికరం ఆ కేబుల్ పైనే నిలిచినా స్పందించదు.

ఉక్కు రేకు కవచంతో చేసిన కేబుళ్లు కూడా ఉన్నాయి. వాటిని గుర్తించడం సులభమే. అయితే పిడుగుపాటు సమయంలో ఆ లోహం గుండా విద్యుత్తు ప్రవహించి పరికరాలకు హాని కలిగే అవకాశం ఉన్నది. 25,000 వోల్టుల విద్యుత్ రైలు మార్గాలకు సమీపంలో కూడా లోహ కవచంలో విద్యుత్ పీడనం ప్రేరితమవుతుంది. ఈ కారణాల చేత ఇంజనీర్లు పలుచోట్ల లోహరహిత కేబుల్‌కే మొగ్గు చూపుతారు. పిడుగు నుండి రక్షణ కల్పించిన ఆ లక్షణమే తవ్వకాల వేళ కేబుల్‌ను అదృశ్యం చేస్తున్నది.

దారి గుర్తులు

మన దేశంలో దూరప్రాంత కేబుళ్లను సాధారణంగా 1.65 మీటర్ల లోతున వేయాలన్నది ఏళ్లుగా అమలులో ఉన్న ప్రమాణం. మార్గం పొడవునా దాదాపు 200 మీటర్లకొకటి చొప్పున, మలుపుల వద్ద, రోడ్డు దాటే చోట్ల, జాయింట్ల వద్ద గుర్తు రాళ్లు పాతుతారు. ఖర్చు తక్కువ, చదవడానికి పరికరం అవసరం లేదు కనుక నేటికీ ఇదే మొదటి రక్షణ.

అయితే రోడ్డు విస్తరణ పనులలో తొలుత కనుమరుగయ్యేవి ఈ రాళ్లే. మరొక చిక్కు కూడా ఉన్నది. కేబుల్ వేసిననాడు గీసిన పటంలో "రోడ్డు అంచు నుండి 6 మీటర్లు" అని రాసి ఉంటుంది. ఆ తరువాత రోడ్డును ఇరువైపులా విస్తరిస్తే పాత అంచు మాయమవుతుంది. పటం పదిలంగా ఉన్నా, కొలతకు ఆధారమైన అంచు మిగలదు. కేబుల్ రోడ్డు కిందికి చేరిన సంగతి పటం చూసినవారికి తెలిసే అవకాశం ఉండదు.

భూమిని తెరవకుండా అడ్డంగా రంధ్రం చేసి కేబుల్ పంపే పద్ధతిలో లోతు ఒకే తీరుగా ఉండదు. కాలువల కింద, కల్వర్టుల కింద కేబుల్ మరింత దిగువకు పోతుంది. డ్రిల్లింగ్ సమయంలో నమోదైన లోతు వివరాలను గుత్తేదారు నుండి తప్పనిసరిగా తీసుకుని భద్రపరచకపోతే ఆ తరువాత వాటిని రాబట్టడం దాదాపు అసాధ్యం.

తోడు తీగ పద్ధతి

లోహరహిత కేబుల్‌ను వదులుకోకుండానే దాని జాడ తెలుసుకునేందుకు గల సులభ మార్గం, గొట్టంతో పాటే కందకంలో ఒక రాగి తీగను వేయడం. దీనిని ట్రేసర్ తీగ అంటారు. చాంబరు వద్ద తీగ కొసకు ఒక చిన్న ప్రసార పరికరాన్ని తగిలించి సంకేతం పంపుతారు. తీగ చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రాన్ని నేలపై నడిచే వ్యక్తి చేతిలోని లొకేటర్ పసిగడుతుంది. తీగకు సరిగ్గా పైన ఉన్నప్పుడు ధ్వని హెచ్చుతుంది. లోతును కూడా పరికరం అంచనా వేస్తుంది.

ఈ పద్ధతి ఫలించాలంటే రెండు షరతులు పాటించాలి. తీగ మధ్యలో ఎక్కడా తెగరాదు. అతుకులు తుప్పు పట్టని విధంగా ఉండాలి. పని పూర్తయిన రోజే ఈ కొస నుండి ఆ కొస వరకు సంకేతం అందుతున్నదీ లేనిదీ పరీక్షించనట్లయితే, పదేళ్ల తరువాత అవసరం వచ్చినప్పుడు ఆ తీగ ఉండీ లేనట్లే. పక్కనే ఇనుప నీటి గొట్టం ఉన్నచోట సంకేతం దానిలోకి కూడా పాకి తప్పుదారి పట్టించగలదని సిబ్బంది గమనించాలి.

తీగ వేయని పాత మార్గాలలో, గొట్టంలో ఖాళీ ఉన్నట్లయితే చిన్న ప్రసార పరికరం అమర్చిన పొడవాటి కడ్డీని లోనికి తోసి, అది సాగిన దారిని పై నుండి గుర్తించవచ్చు.

కేబుల్‌కు పైన, ముక్కాలు మీటరు లోతున పరిచే హెచ్చరిక పట్టీ మరొక రక్షణ. యంత్రం తొట్టికి ముందుగా రంగు పట్టీ చిక్కుకుంటే డ్రైవరు ఆగే అవకాశం ఉన్నది. లోహపు పొర గల పట్టీని వాడితే లొకేటర్‌తో గుర్తించడానికి కూడా పనికివస్తుంది.

బ్యాటరీ అవసరం లేని మార్కర్లు

గుర్తు రాయిని ఎవరైనా పీకివేయవచ్చు. భూమిలో పాతిన ఎలక్ట్రానిక్ మార్కర్‌కు ఆ భయం లేదు. బంతి ఆకారంలో ఉండే ఈ మార్కర్‌లో ఒక తీగచుట్ట, ఒక కెపాసిటర్ మాత్రమే ఉంటాయి. బ్యాటరీ ఉండదు. లొకేటర్ పంపిన సంకేతానికి మార్కర్ అదే పౌనఃపున్యంలో ప్రతిస్పందిస్తుంది. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం టెలిఫోన్ మార్కర్లకు నారింజ రంగు, 101.4 కిలోహెర్ట్జ్, నీటి గొట్టాల మార్కర్లకు నీలి రంగు, 145.7 కిలోహెర్ట్జ్ కేటాయించారు. అందువలన ఒకే చోట రెండూ ఉన్నా ఒకదానిని మరొకటిగా పొరబడే అవకాశం స్వల్పం. జాయింట్లు, మలుపులు, రోడ్డు దాటే చోట్లు, అదనపు కేబుల్ చుట్టలు ఉన్నచోట్లు మార్కర్లకు అనువైనవి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉన్నది. సాధారణ బంతి మార్కర్ సుమారు 1.5 మీటర్ల లోతు వరకు మాత్రమే స్పందిస్తుంది. కేబుల్ ఉండేది 1.65 మీటర్ల లోతున. మార్కర్‌ను కేబుల్ పక్కనే కందకం అడుగున వేస్తే ఆ ఖర్చు వృథా. కందకాన్ని కొంతమేర పూడ్చిన తరువాత, కేబుల్‌కు నేరుగా పైన, తక్కువ లోతున ఉంచాలి. పని పర్యవేక్షించే అధికారి ఈ ఒక్క విషయం గమనించినా ఎంతో మేలు.

రేగడి నేలలో రాడార్

భూమిలోనికి రేడియో తరంగాలను పంపి, వెనుకకు వచ్చే ప్రతిధ్వనులను చిత్రంగా చూపే రాడార్ పరికరాలు లోహం కాని గొట్టాలను సైతం చూపగలవు. పొడి ఇసుక నేలలలో ఇవి చక్కగా పనిచేస్తాయి. తడి బంకమట్టి మాత్రం తరంగాలను పీల్చివేస్తుంది. నల్లరేగడి నేలలు విస్తారంగా గల మన ప్రాంతాలలో, ప్రత్యేకించి వర్షాకాలంలో, ఒకటిన్నర మీటరు లోతున గల సన్నని ప్లాస్టిక్ గొట్టం రాడార్‌కు దొరుకుతుందని నమ్మకం పెట్టుకోరాదు. రాడార్ నివేదికలో కేబుల్ కనిపించనంత మాత్రాన కేబుల్ లేదని నిర్ధారించరాదు.

తెగిన తరువాత చోటు తెలిసేదెలా?

కేబుల్ తెగినప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుండి ఓ.టి.డి.ఆర్. అనే పరికరంతో కాంతి స్పందనను పంపుతారు. గాజులో కాంతి వేగం సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు. కిలోమీటరు దూరం వెళ్లి తిరిగి వచ్చేందుకు సుమారు 10 మైక్రోసెకన్లు పడుతుంది. ఈ కాలాన్ని బట్టి పరికరం దూరాన్ని లెక్కిస్తుంది.

అయితే అది ఫైబర్ పొడవు మాత్రమే, నేలపై దూరం కాదు. ప్రతి రెండు కిలోమీటర్లకు ఒక జాయింటు, ఒక్కో చాంబరులో 20 మీటర్ల అదనపు కేబుల్ చుట్ట ఉన్నదనుకుందాం. పరికరం 9 కిలోమీటర్లు చూపినట్లయితే మధ్యలో నాలుగు చాంబర్ల చుట్టలే 80 మీటర్లు. చుట్టల వివరం నమోదు కాకపోతే మరమ్మతు బృందం తెగిన చోటు దాటి 80 మీటర్ల అవతల తవ్వడం మొదలుపెడుతుంది. రాత్రివేళ, వానలో ఆ 80 మీటర్లు గంటల ఆలస్యంగా మారుతుంది.

పటం ఖచ్చితంగా ఉండాలి

కేబుల్ కందకం వెడల్పు మీటరులో సగం కూడా ఉండదు. చేతి ఫోన్‌లోని జి.పి.ఎస్. సాధారణంగా కొన్ని మీటర్ల తేడాతో చోటును చూపుతుంది. ఊరిని, వీధిని చెప్పడానికి అది చాలును గాని, ఏ పక్కన తవ్వవచ్చునో చెప్పడానికి చాలదు. భారత సర్వే సంస్థ నెలకొల్పిన స్థిర కేంద్రాల సహాయంతో సెంటీమీటర్ల స్థాయి ఖచ్చితత్వం సాధించే అవకాశం నేడు ఉన్నది. కందకం పూడ్చకముందే ఈ కొలత తీసుకోవడం ముఖ్యం. పూడ్చిన తరువాత తీసే కొలత ఊహపై ఆధారపడుతుంది.

తవ్వే ముందు సమాచారం

"తవ్వే ముందు ఫోన్ చేయండి" అనే విధానం కొత్తది కాదు. అమెరికాలో ఇందుకై 2007 నుండి 811 అనే జాతీయ నంబరు అమలులో ఉన్నది. మన దేశంలో కాల్ బిఫోర్ యు డిగ్ అనే మొబైల్ యాప్‌ను ప్రధానమంత్రి 2023 మార్చి 22న న్యూఢిల్లీలో ప్రారంభించారు. టెలికాం శాఖ చేపట్టిన ఈ యాప్‌ను గాంధీనగర్‌లోని భాస్కరాచార్య జాతీయ సంస్థ సాంకేతిక సహకారంతో రూపొందించారు. తవ్వదలచినవారు చోటు, తేదీ, పని వివరాలు నమోదు చేస్తే, అక్కడ ఆస్తులు గల సంస్థలకు ఎస్.ఎం.ఎస్., ఈ-మెయిల్ ద్వారా సమాచారం అందుతుంది. తవ్వకానికి ముందు నోటీసు ఇవ్వాలని, నష్టం కలిగించినవారు పరిహారం చెల్లించాలని 2022 నాటి మౌలిక సదుపాయాల భద్రతా నియమాలు నిర్దేశించాయి.

ఏ సంస్థ అయినా తన కేబుల్ వివరాలను నమోదు చేయనట్లయితే ఆ సంస్థకు కబురు వెళ్లదు. కనుక యాప్‌లో ఏమీ కనిపించకపోవడం తవ్వకానికి అనుమతి కాదు. చేతి పనిముట్లతో పరీక్ష గుంత తీసి కేబుల్ ఉన్నదీ లేనిదీ చూసిన తరువాతనే యంత్రాన్ని దించడం అన్ని పద్ధతులలోకి నమ్మదగినది.

తెలంగాణకు సంబంధించినంతవరకు ఈ అంశానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. టీ-ఫైబర్ పథకం కింద మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాలలోనే ఫైబర్ గొట్టాలను అమర్చారు. రెండుసార్లు తవ్వే ఖర్చు దీనితో తప్పింది. అదే సమయంలో, నీటి లీకేజీ కొరకు చేసే ప్రతి తవ్వకం ఫైబర్ పక్కనే జరుగుతుంది. నీటి సరఫరా సిబ్బందికి, ఫైబర్ సిబ్బందికి మధ్య ముందస్తు సమాచారం తప్పనిసరి అవుతున్నది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్ నెట్ కేబుళ్లలో అధిక భాగం విద్యుత్ స్తంభాలపై సాగుతున్నందున అక్కడి సమస్యలు వేరు.

క్షేత్రస్థాయి అధికారులు గమనించవలసినవి

1. తవ్వకానికి అనుమతి ఇచ్చే ముందు యాప్‌లో నమోదు చేసినట్లు ఆధారం కోరాలి.
2. రోడ్డు విస్తరణ అంచనాలలోనే కేబుల్ గుర్తు రాళ్లను తిరిగి పాతే పనిని చేర్చాలి.
3. కొత్త కేబుల్ పనులలో ట్రేసర్ తీగ పరీక్ష, మార్కర్ లోతు, చాంబర్లలోని చుట్టల పొడవు నమోదైన తరువాతనే తుది బిల్లు చెల్లించాలి.
4. కేబుల్ సమీపంలో యంత్రం పనిచేసేటప్పుడు కేబుల్ సంస్థ ప్రతినిధి అక్కడ ఉండేలా చూడాలి.
5. యంత్రం డ్రైవరుకు పని మొదలుపెట్టే ముందే కేబుల్ ఉన్న చోటును నేలపై సున్నంతో గీసి చూపించాలి.

చివరి అంశం అన్నింటికన్నా ముఖ్యమైనది. కేబుల్ తెగిన వార్త రాసేటప్పుడు "జె.సి.బి. డ్రైవరు నిర్లక్ష్యం" అనే మాట సులభంగా కలం నుండి జారుతుంది. అనుమతి ఎవరు ఇచ్చారు, గుర్తు రాయి ఉన్నదా, పటం ఉన్నదా, అది ఆ డ్రైవరు దాకా చేరిందా అనే ప్రశ్నలకు సమాధానం తెలుసుకున్న పిదప రాసినట్లయితే పాత్రికేయ మిత్రుల వార్త మరో తవ్వకాన్ని కాపాడగలదు. చూపించని కేబుల్‌ను తెంచినందుకు దినకూలీపై పనిచేసే వ్యక్తిని నిందించడం వలన తదుపరి తెగుదల ఆగదు.