చంపే మందు కాదు, చెరిపే మందు

ఎముక మజ్జలోని మూలకణానికీ, దాని సంతానమైన తెల్లకణానికీ డీఎన్‌ఏ ఒకటే కదా, మరి తేడా ఎక్కడుందని ఒక పాఠకురాలు అడిగారు. తేడా అక్షరాల్లో లేదు, వాటి మీది గుర్తుల్లో ఉంది. డీఎన్‌ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి కొన్నిచోట్ల మిథైల్ అనే చిన్న రసాయన గుంపు అంటుకుని ఉంటుంది. జన్యువు మొదట్లో ఇవి గుమిగూడితే ఆ జన్యువు సాధారణంగా మూగబోతుంది. అక్షరాలు మారకుండానే జన్యువుల పని ఎలా మారుతుందో చదివే ఎపిజెనెటిక్స్‌లో ముఖ్యమైన పాఠం ఇదే.

కొత్త గుర్తులు పెట్టే ఎంజైముల్లో ఒకటి డీఎన్‌ఎంటీ3ఏ. హ్యూస్టన్‌లో మార్గరెట్ గుడెల్ బృందం ఎలుకల రక్త మూలకణాల్లో దాన్ని లేకుండా చేసింది. 2012లో అచ్చయిన ఫలితం ఏమిటంటే, ఆ కణాలు మూలకణాలుగానే పెరుగుతూ పోయాయి, పక్వమైన రక్తకణాలుగా మారడం తగ్గిపోయింది. 2010లోనే, ఏఎంఎల్ అనే రక్తకేన్సర్ ఉన్న 281 మందిలో 62 మందికి ఈ జన్యువు దెబ్బతిని ఉందని తేలింది.

ఇక నన్ను వదలని కథ అజాసైటిడిన్ అనే కేన్సర్ మందుది. 1964లో ప్రాగ్ రసాయన శాస్త్రవేత్తలు దీని తయారీని ప్రకటించారు. అందరూ దాన్ని కణాల్ని చంపే విషమనే అనుకున్నారు. ఎంత ఎక్కువిస్తే అంత మేలని పెద్ద మోతాదులిచ్చారు, రోగులు తట్టుకోలేకపోయారు. పీటర్ జోన్స్, షిర్లీ టేలర్ మాత్రం గాజుపాత్రలో పెంచిన ఎలుక కణాలకు కొద్దిగా ఇచ్చి చూశారు. అవి కండర కణాలయ్యాయి, కొవ్వు కణాలయ్యాయి! 1980లో వారు కారణాన్నీ పట్టుకున్నారు: మిథైల్ గుర్తులు పోతున్నాయి.

ఎలాగో చూడండి. కణం రెండయ్యేటప్పుడు పాత పోగు మీది గుర్తుల్ని కొత్త పోగు మీదికి ఎక్కించేది డీఎన్‌ఎంటీ1. అది సైటోసిన్‌ను పట్టుకుని, మిథైల్ అంటించి, వదిలేస్తుంది. వదలాలంటే సైటోసిన్ 5వ స్థానంలో కార్బన్ ఉండాలి. సైటోసిన్ బదులు డీఎన్‌ఏలో దూరే అజాసైటిడిన్‌లో అక్కడ ఉన్నది నైట్రోజన్. పట్టుకున్న ఎంజైము గాలానికి చిక్కిన చేపలా డీఎన్‌ఏకే తగులుకుంటుంది, కణం ఆ ఎంజైమును ముక్కలు చేసేస్తుంది. ఇచ్చిన మందులో కొంతే డీఎన్‌ఏలో చేరుతుంది, అదే చాలు. విభజన జరిగినకొద్దీ గుర్తులు పలచబడి, మూగబోయిన జన్యువులు మళ్లీ పలుకుతాయి. ఇదంతా జరగాలంటే కణం బతికి ఉండాలి, రెండవ్వాలి. పెద్ద మోతాదు ఆ అవకాశమే ఇవ్వలేదు. మందు మంచిదే, దాన్ని అర్థం చేసుకున్న తీరే తప్పు.

గుర్తులు పెట్టే డీఎన్‌ఎంటీ3ఏ దెబ్బతిని, గుర్తులు తగ్గితే కేన్సర్ వస్తుంటే, గుర్తుల్ని చెరిపే మందు ఎలా పనికొస్తుందన్న సందేహం న్యాయమైనదే. ఏఎంఎల్ లాంటి రక్త జబ్బుల్లో గుర్తులు ఒకచోట తగ్గితే మరోచోట అతిగా పేరుకుంటాయి, కణం పెరుగుదలను అదుపు చేసే జన్యువుల మీద కూడా.

2004లో అమెరికా ఈ మందును మజ్జ చెడి రక్తకణాలు సరిగా తయారుకాని ఎండీఎస్ జబ్బుకు అనుమతించింది. 2009లో వెలువడిన ఒక పరీక్షలో, తీవ్రస్థాయి ఎండీఎస్ రోగుల మధ్యస్థ జీవితకాలం 15 నెలల నుంచి 24.5 నెలలకు పెరిగింది. నా అసంతృప్తి ఇదీ: ఈ మందుకు ఎంపిక తెలియదు, ఉంచాల్సిన గుర్తునూ చెరుపుతుంది, జబ్బును పూర్తిగా నయం చేయదు. అందుకే 28 రోజులకోసారి, 7 రోజుల చొప్పున సూదులు పడుతూనే ఉండాలి. ఇన్నిసార్లు వాడాల్సిన ఈ మందు ధరను దించే పనిలో మన హైదరాబాద్‌కూ వాటా ఉంది: 2013లో అమెరికాలో దీని జెనరిక్‌ను విడుదల చేసింది డాక్టర్ రెడ్డీస్.