పటం మీద వాడ ఎక్కడ?

ఊరు ఒక దిక్కున, వాడ మరో దిక్కున. ఎవరు ఎక్కడ ఉండాలో, ఏ బావిలో నీళ్లు తోడుకోవాలో నిర్ణయించిన తొలి పటాన్ని ఈ దేశంలో కులమే గీసింది. క్వియర్ సమూహాల చరిత్రను డిజిటల్ పటాలకు ఎక్కిస్తున్న ప్రయత్నాలను కులం ప్రశ్నకు దూరంగా ఉంచి చర్చించలేమని నేను భావించడానికి కారణం ఇదే.

ఆ ప్రయత్నాల విలువ తక్కువది కాదు. కెనడాలోని మాంట్రియల్‌లో లూకస్ లారోషెల్ 2017లో ప్రారంభించిన 'క్వీరింగ్ ద మ్యాప్'లో ఎవరైనా పేరు చెప్పకుండా తమ జ్ఞాపకాన్ని ఒక చోటికి జతచేయవచ్చు. న్యూయార్క్‌లో 1969 తిరుగుబాటుకు వేదికైన స్టోన్‌వాల్‌ను అమెరికా ప్రభుత్వం 2016లో జాతీయ స్మారకంగా ప్రకటించింది. అలాంటి శిలాఫలకానికి నోచుకోని బస్టాండుకూ, పార్కు బెంచీకీ ఈ పటం చరిత్రలో చోటిస్తుంది.

అయితే ఆ చోటు ఎవరిది? అమెరికాలో బాబ్ డామ్రన్ 1960లలో గే పురుషుల కోసం బార్ల చిరునామాల పుస్తకాలు ప్రచురించడం మొదలుపెట్టాడు. చరిత్రకారులు వాటిని 'మ్యాపింగ్ ద గే గైడ్స్' పేరుతో డిజిటల్ పటంగా మలిచారు. నల్లజాతివారు తరచుగా వచ్చే చోట్లకు ఆ పుస్తకాలు ఒక సంకేతాక్షరం కేటాయించాయి. తెల్లవారు మాత్రం సాధారణ పాఠకులు. పటంగా మారాక ఆ వివక్ష పరిశోధకుడి కంటికి కనబడింది. మన దగ్గర పేరు లేని జ్ఞాపకంలో కులం కూడా పేరు లేకుండా పోతుంది. అనామకత్వం మనిషిని కాపాడుతూనే అగ్రవర్ణ అనుభవాన్ని అందరి అనుభవంగా నిలబెట్టగలదు. ఇంగ్లీషు, స్మార్ట్‌ఫోను, ఏకాంతం ఉన్నవారి జ్ఞాపకాలే ముందుగా పటమెక్కుతాయి.

ఈ లోటు పూడ్చడానికి ప్రతి చోటునూ గుర్తిస్తే సరిపోతుందా? సరిపోదు. నమోదు అనే మాటకు మన నేల మీద వేరే చరిత్ర ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం ఒక భాగంలో కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా చూసింది, మరో భాగంలో హిజ్రాల పేర్లనూ నివాసాలనూ రిజిస్టరులో రాయమంది. ఆ చట్టపు తర్వాతి రూపాలే ఎరుకలవారిని స్టువర్టుపురం సెటిల్‌మెంటులో నిర్బంధించాయి. నిజాం పాలనలో 1329 ఫసలీ, అంటే 1919లో, హైదరాబాదులోనూ హిజ్రాల పేర్లు, చిరునామాలు రాసిపెట్టే చట్టం వచ్చింది. వైజయంతి వసంత మొగ్లి తదితరుల పిటిషన్‌పై తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసింది 2023 జులైలో. తెగలనూ హిజ్రాలనూ ఒకే చట్టం కిందికి తెచ్చిన పాలకుల చూపులో కులమూ జెండరూ విడివిడిగా లేవు. మన ఉద్యమాలు మాత్రం వాటిని విడదీసి చూస్తున్నాయి.

కాబట్టి ఖరీదైన క్లబ్బు మీద పెట్టిన గుర్తూ, రాత్రివేళ దళిత ట్రాన్స్ మహిళలు నిలబడే కూడలి మీద పెట్టిన గుర్తూ ఒకటి కావు. మొదటిది గర్వకారణం కావచ్చు. రెండోది పోలీసుకు దారి చూపవచ్చు. 377వ సెక్షన్‌పై 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పరస్పర సమ్మతి గల వయోజనుల సంబంధాన్ని నేరపు జాబితా నుంచి తీసేసింది. రోడ్డు మీద బతికేవారికి లాఠీ భయాన్ని తీసేయలేదు.

రిజర్వేషన్ల చర్చలోనూ చిక్కు ఇదే. 2014 నాల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గంగా చూడమంది. దళిత ట్రాన్స్ వ్యక్తి దళితత్వం ఏమవుతుందని గ్రేస్ బాను వంటి ఉద్యమకారులు ప్రశ్నించారు, సమాంతర రిజర్వేషన్లు కోరారు. మనిషిని ఒకే గడిలో కుదించే దరఖాస్తుకూ, ఒకే రంగు గుర్తుతో చూపే పటానికీ ఉన్న లోపం ఒక్కటే.

తెలుగు నేలపై ఇలాంటి పటం గీయాలనుకునే విద్యార్థులు ముందు కొన్ని షరతులు రాసుకోవాలి. ఏది చూపాలో, ఏది దాచాలో ఆ చోట బతికినవారే నిర్ణయించాలి. చెరిపివేసే హక్కు వారి చేతిలో ఉండాలి. ప్రమాదమున్న కూడలికి కచ్చితమైన గుర్తు బదులు నగరం పేరు చాలు. చదవను రానివారి మాటను వారి తెలుగులో, వారి ఉర్దూలో గొంతుతోనే భద్రపరచాలి. కులం చెప్పాలనుకున్నవారికి చెప్పే చోటుండాలి, ఎవరినీ అడిగి వేధించకూడదు.

వాడను వదిలేసిన పటం ఊరి చరిత్రే అవుతుంది. వాడను దాని అనుమతి లేకుండా చూపిన పటం పోలీసు రిజిస్టరు అవుతుంది. ఈ రెండింటికీ దొరకని పటం గీయగలిగితేనే అది మన చరిత్ర.