నెలలు నిండని బిడ్డకు నాన్న ఎద వెచ్చదనం

తొలి కాన్పు పుట్టింట జరగడం మనలో చాలామందికి ఆనవాయితీ. భర్త కబురందాక వచ్చి బిడ్డను చూసుకుని వెళ్తాడు. కాని కాన్పు 37 వారాలకు ముందే జరిగితే ఇదంతా తారుమారవుతుంది. తల్లి ఆపరేషన్ వార్డులో, బిడ్డ ఐ.సి.యు.లో ఉంటారు. మందుల చీటీలు పట్టుకుని మెట్లెక్కి దిగేది తండ్రి. "ఎంత బరువుంది? దక్కుతుందా?" అని ఫోన్లో అడిగేవారికి జవాబు చెప్పేదీ ఆయనే. ఆయన తిన్నాడా, నిద్రపోయాడా అని అడిగేవారు తక్కువ.

"ఇంత చిన్న బిడ్డను ముట్టుకుంటే ఏమవుతుందో" అని ఐ.సి.యు. తలుపు దగ్గరే ఆగిపోయే తండ్రులు ఉంటారు. వారికి మేము చెప్పేది ఒకటే: లోపలికి రండి, మీతో పని ఉంది.

ఆ పనే కంగారూ సంరక్షణ. 1970వ దశకం చివర్లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో, ఇంక్యుబేటర్లు చాలని పరిస్థితిలో మొదలైన పద్ధతి ఇది. బరువు తక్కువ బిడ్డలకు రోజుకు 8 నుండి 24 గంటలు దీన్ని ఇవ్వాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. కుట్ల నొప్పితో ఉన్న బాలింత ఒక్కతే ఇంతసేపు ఎలా చేయగలదు? అందుకే తండ్రి కావాలి.

స్నానం చేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, చొక్కా గుండీలు విప్పి వెనక్కి వాలి కూర్చోండి. బిడ్డకు టోపీ, మేజోళ్లు, లంగోటీ మాత్రమే ఉంచి, మీ ఛాతీ మీద నిటారుగా ఆనిస్తాము. కాళ్లు కప్పలా మడిచి, తల ఒక పక్కకు తిప్పి, ముక్కు నోరు మూసుకుపోకుండా చూసి గుడ్డతో కడతాము. కనీసం గంటసేపు కదపకండి. బిడ్డ ఒళ్లు వెచ్చగా నిలుస్తుంది, శ్వాస కుదుటపడుతుంది. వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డకైతే డాక్టరు చెప్పేవరకు ఆగాలి. తల్లి పిండి ఇచ్చిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టడం కూడా నర్సు దగ్గర నేర్చుకోవచ్చు. మగవారికి ఇది చేతకాదనుకోవడం అపోహే.

మొదటి వారంలో బిడ్డ బరువు కొంత తగ్గడం మామూలే. "ఏడో నెల బిడ్డ నిలుస్తుంది, ఎనిమిదో నెల బిడ్డ నిలవదు" అన్న మాట మాత్రం నిజం కాదు. కడుపులో ఎన్ని వారాలు ఎక్కువ ఉంటే బిడ్డకు అంత మేలు. ఇలాంటి మాటలు, కోడలు బరువులెత్తడం వల్లే ఇలా జరిగిందన్న నిందలు బాలింత చెవిన పడకుండా ఆపగలిగేది భర్తే.

2 కిలోలలోపు బరువుతో గాని, 34 వారాలు నిండకుండా గాని పుట్టిన బిడ్డకు 30 రోజులలోపు రెటీనా పరీక్ష చేయించాలి. మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే కావాలి. కళ్లు పైకి బాగానే కనబడతాయి, అందుకే ఇంటికి వెళ్లాక చాలామంది మరచిపోతారు. సమయానికి కనిపెడితే లేజర్ వంటి చికిత్సతో చూపు నిలుస్తుంది. ఆలస్యమైతే గుడ్డితనమే రావచ్చు. ఆ తేదీ గుర్తుపెట్టుకునే బాధ్యత తండ్రి తీసుకోవాలి. టీకాలు పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి. మెడ నిలపడం, కూర్చోవడం మాత్రం నిండు నెలల లెక్కన చూడాలి.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం, మందు తాగాలనిపించడం ఉంటే మాతో చెప్పండి. తండ్రులకూ దిగులు జబ్బు వస్తుంది, దానికి వైద్యం ఉంది.

ఇంటి దగ్గర బిడ్డ పాలు మానేసినా, అరికాళ్లు చల్లబడినా, డొక్కలెగరేసినా తెల్లవారేదాకా ఆగకండి. బిడ్డను ఎదకు ఆనించుకునే ఆసుపత్రికి తీసుకురండి.