చేతిలో పలికే ప్రాస

నన్నయ రాజమహేంద్రవరంలో భారతాంధ్రీకరణకు పూనుకున్న 11వ శతాబ్దం నుంచీ తెలుగు పద్యానికి చెవే కొలత. గురులఘువులు, యతి, ప్రాస శబ్దాన్ని ఆశ్రయించి ఉన్నవి. పుట్టు బధిరులకు ఇవి కాగితం మీది అక్షరాలుగానే అందుతాయి. వారి సొంత కవిత్వం చేతుల్లో, చూపులో, ముఖంలో పుడుతుంది.

సైగల భాష నోటిమాటకు నకలు కాదు. ప్రతి సైగలోనూ చేతి ఆకారం, అది నిలిచే చోటు, కదిలే తీరు అనే భాగాలుంటాయని అమెరికా పండితుడు విలియం స్టోకీ 1960లో నిరూపించాడు. భారతీయ సైగల భాషకూ తనదైన వ్యాకరణం ఉంది. ‘ఎక్కడ’, ‘ఎవరు’ వంటి ప్రశ్నపదాలు అందులో వాక్యం చివరికి చేరతాయి.

ఈ భాగాలే కవికి ముడిసరుకు. పద్యపాదాల్లో రెండో అక్షరంగా ఒకే హల్లు తిరిగి వచ్చినట్టు, సైగ కవితలో ఒకే చేతి ఆకారం తిరిగి వస్తుంది. ఉదాహరణకు చాచిన అరచేయి మెల్లగా జరిగితే గోదావరి ప్రవాహం; అదే అరచేయి అలల మీద ఊగితే పడవ; పక్కకు వాలితే గాలికి ఒరిగిన వరిచేను; నిటారుగా లేచి మీదికొస్తే వరద. చెయ్యి మారలేదు, లోకం మారింది. చూసేవారి కంటికి అది ప్రాసగా తోస్తుంది. అమెరికన్ సైగల భాషలో ఇలాంటి ప్రాసను కవి క్లేటన్ వాలి పరిశోధించి వివరించాడు. కదలిక వేగం, మధ్యలో చెయ్యి ఆగిపోయే క్షణం లయనిస్తాయి. నోటితో ఒకసారి ఒక మాటే పలకగలం. సైగలో ఒక చేయి ఏటిని నిలిపి ఉంచగా రెండో చేయి దాని మీద పక్షిని ఎగరేయగలదు. ఈ సౌలభ్యం ఏ ఛందస్సుకూ లేదు.

గోదావరి సీమకు చేతి భాష కొత్తది కాదు. మురమండ, ముమ్మిడివరం, బల్లిపాడు కళావంతులు క్షేత్రయ్య పదాలకు కూర్చునే అభినయం పట్టి, ఒక్క పంక్తికి ఎన్నో భావాలు చూపేవారు. నాట్యశాస్త్ర గ్రంథం ‘అభినయ దర్పణం’ ఒంటిచేతి ముద్రలను 28గా లెక్కించింది. అయితే అక్కడ పాట ముందు నడుస్తుంది, చెయ్యి దాన్ని వ్యాఖ్యానిస్తుంది. సైగ కవితకు వెనక పాట ఉండదు, చెయ్యే మూలం.

అయినా మాటనూ సైగనూ కలిపి నడిపినవారూ ఉన్నారు. వేల్స్‌లో 1931లో పుట్టి, ఎనిమిదో ఏట వినికిడి పోగొట్టుకున్న కవయిత్రి డొరొతీ మైల్స్ ఇంగ్లీషుకూ సైగకూ ఒకేసారి ఒదిగే కవితలు అల్లింది. అది కష్టమైన సాధన. ఒక భాష లయ రెండోదానికి అడ్డొస్తూనే ఉంటుంది.

సైగలకు వాడుకలో లిపి లేదు. అందుకే కెమెరా రాకముందు కవిత కవి చేతులతోనే పోయేది, లేదా చూసినవారి చేతుల్లో మారుతూ బతికేది. వీడియో వచ్చాక కవి తన కవితను తానే చూసుకుని దిద్దుకోగలుగుతున్నాడు. ఢిల్లీలోని భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 పదాలతో తెచ్చిన వీడియో నిఘంటువు 2021 నాటికి 10,000 పదాలకు పెరిగింది. కవి వీటికి తోడు అప్పటికప్పుడు కొత్త సైగలు కల్పిస్తాడు. ముందు కదిలిన చేతులను బట్టి ప్రేక్షకులు వాటి అర్థం గ్రహిస్తారు. కవిత ముగిశాక వారు రెండు చేతులూ పైకెత్తి వేళ్లు అల్లాడిస్తారు. బధిరుల సభలో చప్పట్లు అవే.