తిరగబెట్టకుండా...

"మొత్తం తీసేశారాండీ?" ఆపరేషన్ థియేటరు బయట మా అత్తయ్య డాక్టరుగారిని అడిగిన మొదటి ప్రశ్న. "కంటికి కనిపించినంత వరకూ తీసేశామమ్మా" అన్నారాయన. మావాళ్లంతా "తీసేశాం" అన్నది విన్నారు. జువాలజీ విద్యార్థిని కనుక నాకు "కనిపించినంత వరకూ" అన్నది వినబడింది.

మామయ్యకు వచ్చింది మూత్రాశయపు లోపలి పొరలో పుట్టిన కాన్సరు. కండరంలోకి దిగలేదు. మూత్రమార్గం గుండా గొట్టం పంపి గడ్డను తొలగించారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ రమ్మని, వారానికొకసారి ఆరు వారాలు బి.సి.జి. ఎక్కించాలన్నారు. మామయ్య ససేమిరా అన్నాడు. "జబ్బు పోయాక మందెందుకురా? అదీ క్షయకు వేసే టీకానా!"

న్యాయమైన ప్రశ్నే. మన భుజాల మీది మచ్చ ఆ టీకాదే. దానిలో ఉన్నది బలహీనపరచిన, కాని బతికే ఉన్న సూక్ష్మజీవి. కాన్సరు కణం మన ఒంట్లో పుట్టినదే కాబట్టి రక్షక కణాలు చాలాసార్లు దాన్ని ఇంటిమనిషే అనుకొని వదిలేస్తాయి. బి.సి.జి.ని మూత్రాశయంలో నింపి రెండు గంటల వరకూ ఉంచితే అక్కడ పెద్ద అలజడి రేగుతుంది. అర్ధరాత్రి "దొంగ, దొంగ" అని కేక పడితే జనం కర్రలతో లేచి, అరుగు కింద ఎప్పటినుంచో నక్కినవాణ్ణి కూడా పట్టుకుంటారే, అలాగన్నమాట.

కెనడాలో ఆల్వారో మొరాలెస్ బృందం ఈ పద్ధతిని 1976లో ప్రకటించింది. మరి ఆరుసార్లే ఎందుకు? వారు వాడిన టీకా ఆరేసి సీసాల పెట్టెల్లో వచ్చేదట! ఆ లెక్కే నేటికీ నిలిచింది.

ఇప్పుడు మరో దారి కూడా ఉంది. రక్షక కణాలకు "ఆగు" అని చెప్పే బ్రేకులుంటాయి. కాన్సరు వాటిని తనకనుకూలంగా నొక్కి ఉంచుతుంది. ఆ బ్రేకులను విడిపించవచ్చని చూపిన ఆలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడు వెలువడిన ఒక పరీక్షలో, లింఫు గ్రంథులకు పాకిన మెలనోమా అనే చర్మ కాన్సరును కోసి తీసేసిన 1019 మందిలో సగం మందికి పెంబ్రోలిజుమాబ్ ఇచ్చారు. మందు పొందినవారిలో ఏడాదికి నూటికి 75 మందికి జబ్బు తిరగబెట్టలేదు. ఉత్త మందు పొందినవారిలో 61 మందికి.

ఈ అంకెల దగ్గర కాస్త ఆగాలి. ఆ 61 మందికి ఏమీ ఇవ్వకపోయినా ఏడాదిపాటు బాగానే ఉన్నారు. మేలు పొందింది నూటికి 14 మంది. వాళ్లెవరో ముందే తేల్చలేం కనుక అందరికీ ఇవ్వాలి. ఖరీదు సామాన్యుడికి అందేది కాదు. పైగా బ్రేకు లేని సైన్యం ఒక్కోసారి థైరాయిడ్ మీద పడితే జీవితాంతం మాత్రలు మింగాల్సిందే.

ఇదంతా చెబితే మామయ్య విని, "ఆ దొంగ కథ బాగుందిరా" అని ఒప్పుకున్నాడు. మంట, ఒకటి రెండు రోజులు జ్వరం తప్పలేదు. జ్వరం తగ్గకపోతే మాత్రం వెంటనే రమ్మన్నారు, లోపల ఉన్నది బతికిన క్రిమి కదా! ఆరూ పూర్తయ్యాయి. మూడు నెలలకొకసారి గొట్టం వేసి చూస్తున్నారు. ఈసారి వంతు సంక్రాంతి వెళ్లాక.